గడీ సోఫాలు ఎటు పోయాయి?

ధర్మపురి, వెల్గటూర్ పల్లెలకు గోదావరి అడ్డంగా ఉన్నా అడవి దూరమేమీ కాదు. రాయపట్నం వంతెన దాటితే లక్సెట్టిపేట, అది దాటితే జన్నారం, కవ్వాల్. అంతా టేకు సీమ. ఇంత మేలైన కలప చేతికందే దూరంలో ఉన్నా, ఈ ఊళ్లలో మామూలు ఇంట్లోకి సోఫా రావడానికి చాలాకాలం పట్టింది. చుట్టం వస్తే నులక మంచం వాల్చేవారు. లేదంటే అరుగే ఆసనం. టేకు దూలాలకూ దర్వాజలకూ పోయేది.

సోఫా ఉన్నది ఊరి దొర ఉండే గడీలో.

ముందు దివాన్‌ఖానా, అందులో చెక్కుడు పని చేసిన పొడవాటి సోఫా, దానికి జతగా రెండు కుర్చీలు, నడుమ పాలరాయి బిగించిన గుండ్రటి బల్ల. దుమ్ము దులిపి, తుడిచి, మెరుగు పెట్టిన చేతులకు ఆ సోఫా మీద కూర్చునే వీలు లేదు. గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతపట్టుకోవాల్సిన రోజులవి. పంచాయితీకి వచ్చినవాళ్లు కింద కూర్చునేవారు, చాలాసార్లు నిలబడే ఉండేవారు. పాత సోఫాల గురించి ప్రపంచమంతటా అందమైన పుస్తకాలు వచ్చాయి. అవి చెక్కడం గురించి, గుడ్డ గురించి, తయారీదారు గురించి చెబుతాయి. కరీంనగర్ సీమలో మాత్రం దాని మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు కూర్చోలేకపోయారు అన్నది కూడా చెప్పకపోతే సగం కథే చెప్పినట్టు.

గడీల దొరలకు నమూనా హైదరాబాదు. హైదరాబాదు నవాబులకు నమూనా లండన్, పారిస్. నిజాముల దర్బారుకు మొదట్లో సోఫాతో పనే లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లోని ఖిల్వత్ హాలుకు వెళ్తే ఆ సంగతి తెలుస్తుంది. 19 పెద్ద షాండ్లియర్లు వేలాడే ఆ హాల్లో నిజాం కూర్చునే చోటు ఒక పాలరాతి గద్దె. దాని మీద పరుపు, వెనక బాలీసు. అదే సింహాసనం.

అక్కడి నుంచి ఫలక్‌నుమాకు వస్తే లోకం మారిపోయినట్టుంటుంది. పాయెగా అమీరు వికార్-ఉల్-ఉమ్రా 1884లో మొదలుపెట్టి దాదాపు పదేళ్లు కట్టించిన భవనం అది. తర్వాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల సంగతి అందరికీ తెలుసు. దాని చుట్టూ గదుల్లో ఉన్న ఫ్రెంచి తరహా సోఫాల దగ్గర కూడా కాసేపు ఆగాలి. పదేళ్ల మరమ్మతుల తర్వాత 2010లో హోటలుగా తెరిచారు కాబట్టి అవి మళ్లీ వాడుకలోకి వచ్చాయి. హోటలు మెట్లెక్కే స్తోమత లేనివాళ్లకు సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగుచేసిన ఐరోపా ఫర్నిచరు అక్కడ మామూలు టికెట్టుకే చూడొచ్చు.

ఇలాంటివి చూసేటప్పుడు ముందు కాళ్లు చూడాలి. కాళ్లు వంపు తిరిగి, మోకాలి దగ్గర ఉబ్బి, కింద సన్నబడితే అది 15వ లూయీ కాలపు పోకడ. 16వ లూయీ నాటికి ఆ వంపులు పోయి, నిలువు గాడులు తీసిన తిన్నని కాళ్లు వచ్చాయి. వీపు నడుమ ఒంటె మూపురంలా లేచిన సోఫాలు 18వ శతాబ్దపు ఇంగ్లండువి. వాటిని ఎక్కువగా థామస్ చిప్పెండేల్ పేరుతో కలిపి చెబుతారు. ఆ వడ్రంగి 1754లో తన నమూనాల పుస్తకం అచ్చు వేయడంతో, లండన్ మొహం చూడని పనివాళ్లు కూడా ఆ బొమ్మలు ముందు పెట్టుకుని సోఫాలు చేశారు. వీపూ చేతులూ ఒకే ఎత్తులో చుట్ట చుట్టుకుని, తోలు నిండా గుండీలు నొక్కి ఉంటే అది చెస్టర్‌ఫీల్డ్. ఆ గుండీలు సోకు కోసమే అనుకుంటారు చాలామంది. లోపల కూరిన గుర్రపు వెంట్రుకలు ఒక పక్కకు జారకుండా పట్టి ఉంచడమే వాటి అసలు పని. 1828లో ఇంగ్లండులో చుట్టల స్ప్రింగుకు పేటెంటు వచ్చాక సీట్లు ఎత్తుగా, మెత్తగా మారాయి. విక్టోరియా కాలపు సోఫాలు అంత లావుగా కనిపించడానికి ఈ స్ప్రింగే కారణం.

అయితే ఐరోపా తరహా ఆసనాలకు తెలుగు నేలలో తొలి పేరు తెచ్చింది హైదరాబాదు కాదు, విశాఖపట్నం. 18వ శతాబ్దంలోనే అక్కడి పనివాళ్లు ఇంగ్లీషు నమూనాలు తీసుకుని, రోజ్‌వుడ్ లాంటి ముదురు కలపల్లో దంతం పొదిగి, దంతం మీద సన్నని తీగలూ పూలూ గీసి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపేవారు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ వించ్ ఇంటి సామాను 1781లో ఇంగ్లండులో వేలానికి వచ్చినప్పుడు, అందులోని దంతపు కుర్చీలను మూడో జార్జి రాజు తన రాణి షార్లెట్ కోసం కొన్నాడు. కోరమాండల్ తీరపు పనితనం అలా రాజభవనం చేరింది. ఆ పని చేసినవాళ్ల పేర్లు మాత్రం ఏ కుర్చీ మీదా లేవు.

తెలంగాణ గడీలకు దంతం రాలేదు. వచ్చింది ఆకారం. దాన్ని టేకులోకి దించింది ఊరి వడ్ల పనివాళ్లే. గుర్రపు వెంట్రుకలూ మందపాటి తోలూ మన మే నెల ఎండకు పనికిరావు. కూర్చున్నవాడు చెమటతో తడిసిపోతాడు. అందుకని సీటుకూ వీపుకూ బెత్తం అల్లారు. ఆ ఎనిమిది మూలల కళ్లలోంచి గాలి ఆడుతుంది, నల్లులకు దాక్కునే చోటు తక్కువ. చలికాలంలో పైన పత్తి పరుపు వేస్తే సరి.

అలాంటి పాత సోఫాను ఒకసారి తిరగేసి చూస్తే పనితనమంతా అడుగున దొరుకుతుంది. కాలూ పట్టీ కలిసే చోట కుసి చెక్కి బెజ్జంలోకి దించి, అడ్డంగా ఒక చెక్క చీల కొట్టి ఉంటుంది. మేకు కనిపించదు. చట్రం చుట్టూ వరసగా రంధ్రాలు, వాటిలోంచి లాగి బిగించిన బెత్తం చివర్లు. చిత్రిక పట్టింది కంటికి కనిపించే ముఖం వరకే. లోపలి వైపు బాడిస దెబ్బలు అలాగే ఉంటాయి. వేలితో తడిమితే చిన్న చిన్న పల్లాలు తగులుతాయి. అడుగు భాగమంతా యంత్రం కోసినట్టు నున్నగా, ఒకే రంగులో ఉంటే, అమ్మేవాడు వందేళ్లు అన్నా నమ్మాల్సిన పని లేదు. స్ప్రింగు సోఫా అయితే అడుగున జనపనార పట్టీలు జల్లెడలా అల్లి, ఒక్కో స్ప్రింగునూ పురికొసతో ఎనిమిది వైపులకు కట్టి ఉంటారు. పురికొస తెగిన చోట సీటు కుంగుతుంది. అంతమాత్రానికే సోఫా పాడైందని పారేసినవాళ్లు ఎందరో.

1978 సెప్టెంబరులో జగిత్యాలలో దొరల పెత్తనం మీద రైతు కూలీలు జైత్రయాత్ర తీశారు. అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఒక్కొక్క దొరా కరీంనగర్‌కో హైదరాబాదుకో మకాం మార్చాడు. గడీలకు తాళాలు పడ్డాయి. కప్పులు కారాయి, చెదలు పట్టాయి. దర్వాజలు, దూలాలు, సోఫాలు పాత సామాను వ్యాపారుల బండ్లెక్కాయి. హైదరాబాదు జుమ్మేరాత్ బజారులో గురువారం పూట పాత సామాను మధ్య తిరిగితే, ఏ ఊరిదో తెలియని చెక్కుడు సోఫా చేయి ఒకటి విడిగా కనిపించినా ఆశ్చర్యం లేదు. గడీ పెత్తనం పోవడం మంచిదే. వడ్లాయన చేతిపని కూడా దాంతోపాటే పోవడం మాత్రం బాధపడాల్సిన విషయం. ఆ సోఫాలో దొర పెట్టింది డబ్బు, వడ్లాయన పెట్టింది తన పనితనం.

అదే కాలంలో మామూలు ఇళ్లలోకి వేరే సోఫా వచ్చింది. సన్నని కాళ్లు, తిన్నని చేతులు, రెగ్జిన్ సీటు, లోపల డన్‌లప్. 1929లో డన్‌లప్ కంపెనీ రబ్బరు నురగతో పరుపు కనిపెట్టాక స్ప్రింగుల అవసరం తగ్గుతూ వచ్చింది. కోరుట్ల, జగిత్యాల పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు ఇల్లు కట్టగానే హాల్లోకి సోఫా సెట్టు కొన్నారు. పెళ్లి సామానులో టీవీతో పాటు అదీ చేరింది. తాత నిలబడ్డ ఊళ్లోనే మనవడు తన సొంత సోఫాలో వీపు వాల్చి కూర్చున్నాడు.

ఆ కాలపు సోఫాలను ఇప్పుడు వింటేజ్ అంటున్నారు. చండీగఢ్ ఆఫీసుల కోసం 1950లలో పియరీ జనరే గీసిన టేకు, బెత్తం కుర్చీలు తుక్కు కింద అమ్ముడై, తర్వాత విదేశీ వేలాల్లో లక్షలు పలికాయి. ఇక చట్టం ప్రకారం ప్రాచీన వస్తువు అనాలంటే నూరేళ్లు నిండాలి. 1972 నాటి చట్టం కిందికి వచ్చే అలాంటి వస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.

ఇంట్లో తాతల నాటి సోఫా ఉన్నవాళ్లు ముందు మానుకోవాల్సింది, దాన్ని గీకించి మెరిసే మెలమైన్ కొట్టించడం. పాత పనివాళ్లు వాడింది చపడా, అంటే స్పిరిటులో కరిగించిన లక్క. గీత పడితే అదే మందు ఇంకో పూత వేస్తే కలిసిపోతుంది. బెత్తం తెగితే ప్లైవుడ్ కొట్టించకుండా అల్లేవాణ్ణి వెతకాలి. బెత్తం కుర్చీలు బాగుచేసేవాళ్లు పట్టణాల్లో ఇంకా ఉన్నారు. పరుపు మార్చాల్సి వస్తే పాత గుడ్డ విప్పే ముందు నాలుగు వైపులా ఫొటోలు తీయాలి. విప్పిన ముక్కలను పారేయకుండా దర్జీకి ఇస్తే, కొత్త గుడ్డను ఆ కొలతకే కోస్తాడు.