కారు లేజర్ కన్నును తికమక పెట్టేది దాని సొంత రొదే!

డ్రైవర్ లేని కార్ల వార్తలు ఇప్పుడు మనకు కొత్త కాదు. అమెరికాలో వేమో ట్యాక్సీలు ప్రయాణికులను ఎక్కించుకుని తిరుగుతున్నాయి. అబుదాబిలో 2024 డిసెంబర్ నుంచి ఉబర్ యాప్‌లోనే వీరైడ్ రోబో ట్యాక్సీ బుక్ చేసుకునే వీలు వచ్చింది. మన ఐఐటీ హైదరాబాద్ కంది క్యాంపస్‌లోనూ 'టీహాన్' అనే కేంద్రం ఉంది. డ్రైవర్ లేని వాహనాలను పరీక్షించడానికి 2022 జూలైలో అక్కడ ప్రత్యేక ట్రాక్ ప్రారంభమైంది.

ఇలాంటి బళ్లలో చాలావాటి పైకప్పు మీద ఒక డబ్బా కనిపిస్తుంది. అదే లైడార్, అంటే లేజర్‌తో దూరం కొలిచే పరికరం. ముందు ఏముంది, అది ఎంత దూరంలో ఉంది అని బండికి చెప్పడంలో దీనిది పెద్ద పాత్ర. ఇంత నమ్మకం పెట్టుకున్న ఈ కన్నుకు ఒక బలహీనత ఉంది. అది కరెంటు రొద. ఇంజనీర్లు దీన్ని విద్యుదయస్కాంత జోక్యం అంటారు, పొట్టిగా ఈఎంఐ. నెలనెలా బ్యాంకుకు కట్టే ఈఎంఐ కాదు లెండి!

అసలు ఈ రొద ఏమిటి?

మన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. వీధిలో స్కూటర్ వెళ్తే ఇంట్లో టీవీ మీద గీతలు పడేవి. వంటింట్లో మిక్సీ వేస్తే రేడియో గరగరమనేది. కరెంటు ఒక్కసారిగా పెరిగినా, ఆగినా చుట్టూ రేడియో తరంగాలు పుడతాయి. స్కూటర్ స్పార్క్ ప్లగ్‌లో జరిగేది అదే. దీనికి మందు టీవీలో పెట్టలేదు, ప్లగ్‌లోనే చిన్న రెసిస్టర్ పెట్టారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, లైడార్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఒకే డబ్బాలో కేక, గుసగుస

లైడార్ పని చెప్పడానికి తేలిక. కంటికి కనిపించని లేజర్ వెలుగును క్షణికంగా వదులుతుంది. అది ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని కొలుస్తుంది. వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. కాబట్టి 100 మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తాకి రావడానికి పట్టేది దాదాపు 667 నానోసెకన్లు. ఒక్క నానోసెకను, అంటే సెకనులో వంద కోట్లవ వంతు, తేడా వస్తే దూరం 15 సెంటీమీటర్లు తప్పుతుంది.

ఇంత చిన్న వెలుగు మెరుపు పుట్టాలంటే లేజర్‌లోకి పెద్ద కరెంటు క్షణంలో దూకాలి. ఉదాహరణకు 2 నానోసెకన్లలో 40 ఆంపియర్లు అనుకుందాం. మరోవైపు దూరం నుంచి తిరిగొచ్చే వెలుగు చాలా బలహీనం. దాన్ని పట్టే డిటెక్టర్‌లో పుట్టే కరెంటు మైక్రోఆంపియర్ లెక్కల్లో, ఒక్కోసారి అంతకన్నా తక్కువ ఉంటుంది. అంటే రెండింటికీ మధ్య తేడా కోట్ల రెట్లు. ఒకే చిన్న గదిలో ఒకరు గొంతు చించుకుని అరుస్తుంటే, పక్కనే ఇంకొకరు గుసగుస వినాల్సిన పరిస్థితి!

ఆ అరుపు డిటెక్టర్ తీగల్లోకి పాకితే, లేని వస్తువు ఉన్నట్టు కనిపించవచ్చు. బండి అనవసరంగా సడన్ బ్రేక్ వేస్తే వెనకొచ్చే వాళ్లకు ప్రమాదం. ఇంకా ఘోరం ఏమిటంటే, నిజంగా అడ్డొచ్చిన పిల్లాడి గుర్తు ఆ రొదలో మునిగిపోవచ్చు. అదే రొద బయటికి పోతే కారులోని ఎఫ్ఎం రేడియోను, జీపీఎస్‌ను కూడా పాడుచేయగలదు.

సాఫ్ట్‌వేర్ సరిచేయలేదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. కొంతవరకు చేస్తుంది. ఒకే దిక్కుకు 100 సార్లు లేజర్ కొట్టి సగటు తీస్తే, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే రొద నిజమైన సంకేతంతో పోలిస్తే పదో వంతుకు తగ్గుతుంది. కానీ లేజర్ సర్క్యూట్ సొంత రొద అలా కాదు. లేజర్ కొట్టిన ప్రతిసారీ అది సరిగ్గా అదే సమయానికి వస్తుంది. సగటు తీసేకొద్దీ అది చెరిగిపోదు, నిజమైన ప్రతిధ్వనిలాగే నిలబడిపోతుంది.

పోనీ, లేజర్ కొట్టగానే కాసేపు డిటెక్టర్ చెవి మూసేస్తే? అలా కూడా చేస్తారు. అయితే 10 నానోసెకన్లు మూసినా బండికి దగ్గర్లో 1.5 మీటర్ల మేర ఏమీ కనిపించదు. అందుకే రొదను పుట్టినచోటే ఆపాలి. స్పార్క్ ప్లగ్ నేర్పిన పాఠమే ఇక్కడా పనికొస్తుంది.

పుట్టినచోటే ఎలా ఆపుతారు?

మొదటి మందు, దారి పొట్టిగా చేయడం. లేజర్‌కు కరెంటిచ్చే కెపాసిటర్, దాన్ని ఆన్ చేసే స్విచ్, లేజర్ డయోడ్, ఈ మూడింటి చుట్టూ కరెంటు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ చుట్టు ఎంత పెద్దదైతే అది అంత మంచి ఏంటెనా అవుతుంది. ఒక మిల్లీమీటరు తీగకు దాదాపు ఒక నానోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. పైన చెప్పిన వేగంతో కరెంటు పెరిగితే ఆ ఒక్క మిల్లీమీటరుకే 20 వోల్టులు ఖర్చవుతాయి. 5 మిల్లీమీటర్లకు 100 వోల్టులు! అందుకే విడిభాగాలను ఒకదానికొకటి ఆనించినట్టు పెడతారు. కరెంటు తిరిగొచ్చే దారిని బోర్డులో సరిగ్గా కింది పొరలోనే వేస్తారు. కొన్ని కంపెనీలు స్విచ్‌నూ లేజర్‌నూ ఒకే ప్యాకేజీలో పెడుతున్నాయి.

రెండోది, లోపలి పవర్ సప్లైలు. అవి కూడా నిరంతరం ఆన్, ఆఫ్ అవుతూ రొద చేస్తాయి. డిటెక్టర్ వింటున్న సమయంలో అవి ఆన్, ఆఫ్ కాకుండా టైమింగ్ కలుపుతారు.

మూడోది, వైర్లు. విద్యుత్ కార్లలో 400 లేదా 800 వోల్టుల బ్యాటరీ, మోటార్ నడిపే ఇన్వర్టర్ ఉంటాయి. వాటి రొద వైర్ల ద్వారా లైడార్‌లోకి రాకుండా ఫిల్టర్లు, ఫెరైట్‌లు పెడతారు. సిగ్నల్ కేబుల్ మీద ఉండే లోహపు జాలీని కనెక్టర్ చుట్టూ పూర్తిగా తాకేలా బిగించాలి. జాలీని మెలిపెట్టి ఒకే తోకలా కలిపితే ఎక్కువ ఫ్రీక్వెన్సీల్లో రక్షణ బాగా తగ్గిపోతుంది.

నాలుగోది, పెట్టె. అల్యూమినియం పెట్టె రొదను ఆపుతుంది. కానీ లేజర్ బయటికి పోవడానికి ఒక కిటికీ కావాలి. ఆ కిటికీకి కరెంటు పారే పారదర్శక పూత వేయొచ్చు. అయితే పూత కొంత వెలుగును తినేస్తుంది, చూపు దూరం తగ్గుతుంది. కాబట్టి పెట్టె ఆఖరి రక్షణే తప్ప మొదటి మందు కాదు.

ఎదురుగా వచ్చే ఇంకో కారు లేజర్ మన లైడార్ మీద పడటం వేరే సమస్య. అది కరెంటు రొద కాదు, వెలుగుల కలగాపులగం. అక్కడ మాత్రం లేజర్ కొట్టే సమయాన్ని కాస్త అటూఇటూ మార్చడం, సంకేతానికి గుర్తు పెట్టడం లాంటి ఉపాయాలు పనిచేస్తాయి.

పరీక్షలు, మన జాగ్రత్తలు

కారు పరికరాల నుంచి వచ్చే రొదను కొలవడానికి సీఐఎస్‌పీఆర్ 25, బయటి రొదను తట్టుకుంటాయా అని చూడటానికి ఐఎస్ఓ 11452 అనే ప్రమాణాలు ఉన్నాయి. మన దేశంలో వాహనాలకు ఏఐఎస్-004 వర్తిస్తుంది. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో ఈ పరీక్షలు చేస్తారు. డిజైన్‌లో దారి పొడుగ్గా పెట్టి, పరీక్షలో ఫెయిలయ్యాక పైన రేకు చుట్టి గట్టెక్కాలనుకుంటే ఖర్చు పెరుగుతుంది, పని మాత్రం సగమే అవుతుంది.

లైడార్ లేని మామూలు కారుకూ కొన్ని జాగ్రత్తలు అవసరమే. చవక ఛార్జర్ గుచ్చగానే ఎఫ్ఎం గరగరమంటే అది ఈ రొదే, దాన్ని తీసి మంచిది కొనండి. సెన్సార్ ముందున్న గాజుకు స్టిక్కర్లు, ఫిల్ములు అంటించొద్దు. కారు వైరింగ్ పనిచేసే మెకానిక్ భాయీలకు ఒక విన్నపం: జాలీ ఉన్న కేబుల్ తెగితే మామూలు వైరుతో అతుకు వేయొద్దు, మొత్తం కేబుల్ మార్చండి. ఇంట్లో ఎలక్ట్రానిక్స్ చదివే అమ్మాయో అబ్బాయో ఉంటే సర్క్యూట్ గీయడంతో పాటు బోర్డు మీద కరెంటు ఏ దారిన వెళ్లి ఏ దారిన తిరిగొస్తుందో చూడటం నేర్చుకోమనండి. రేపు రోడ్డు దాటే ఒక పిల్లాడి క్షేమం ఆ నాలుగైదు మిల్లీమీటర్ల మీద ఆధారపడి ఉండొచ్చు.