సుగ్గియా, వలసయా?

కార్తికమాసము గడచి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు మెట్టపొలములలో పంట యింటికి చేరినదో, చేరకయే యెండినదో తేలిపోయిన పిమ్మట, కోసిగి, పెద్దకడుబూరు, కౌతాళము మొదలగు మండలముల పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే మూటాముల్లె సర్దుకొని, పత్తి తీయుటకును మిరపకాయలు కోయుటకును గుంటూరు సీమకు బయలుదేరుట యేటేట జరుగుచున్న సంగతియే. పోవువారు తమ ప్రయాణమును 'సుగ్గికి పోవుట' యందురు. పత్రికలు దానినే 'వలస' యని వ్రాయును. వారు ఊరిలో విడిచిపోవు పిల్లలకొఱకు నడుపు వసతిగృహములను ప్రభుత్వము 'సీజనల్ హాస్టళ్లు' అనును. పోయెడి మనుష్యులు వారే, ఎక్కెడి బండి యదియే. ఎవ్వరి మాట నెత్తికొన్న వ్రాత వారి వైపునకు కొంత యొరగుచున్నది.

సుగ్గి యన్న మాటలో కన్నడపు వాసన యున్నది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడువఱకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే గదా. రెండు భాషలు ఒకే సంతలో బేరములాడిన నేల యిది. కన్నడదేశమున సుగ్గి యనగా పంటకోతల కాలము. సంక్రాంతిని వారు సుగ్గిహబ్బమందురు. ఆ మాట పలికినంతనే కళ్లములో రాసియు, ఇంట క్రొత్తధాన్యమును మనస్సునకు దోచును. అయితే గుంటూరునకు పోవు కూలికి ఆ రాసి తనది గాదు. పరుల పంట కోతయే అతని సుగ్గి. అందుచేత ఈ మాటలో, నేను పనిమీద పోవుచున్నానేగాని దిక్కులేక పారిపోవుటలేదని చెప్పుకొను అభిమానమును గలదు, ఇంటికి తాళము పడిన సంగతిని కప్పిపుచ్చు మఱుగును గలదు. 'వలస' యన్నచో ఆ మఱుగు తొలగును. విడిచిన యూరిని, విడువవలసిన కారణమును అది యెత్తిచూపును. కనుకనే పత్రికారచయితలకు ప్రియమైనది. కాని ఋతువు మాఱిన నెగిరిపోవు పక్షులకును, ఆపదలో దేశమే విడిచిన ప్రజలకును, కొన్ని నెలల పనికి పోయి ఉగాది నాటికి ఇల్లు చేరవలెనని తొందరపడు కాపునకును ఆ యొక్క మాటతోనే సరిపెట్టుటవలన, తిరిగిరాక యన్నది చదువరి కంటబడకుండ పోవును.

చట్టమునకు వచ్చుసరికి ఇది కేవలము ధ్వని విషయము కాకపోయినది. 1979లో పార్లమెంటు చేసిన అంతర్రాష్ట్ర వలసకార్మికుల చట్టము, ఒక రాష్ట్రమున గుత్తేదారు కుదుర్చుకొనగా వేఱొక రాష్ట్రమున పనిచేయువారినే ఆ పేరున గుర్తించినది. ఆ చట్టము అమలులోనున్నంతకాలము, ఆ లెక్కను, బెంగుళూరిలో కట్టడపు పనికి గుత్తేదారు వెంట పోయిన కోసిగివాడు వలసకార్మికుడైనాడు. గుంటూరు మిరపచేనికి పోయిన వాని తమ్ముడు కాలేదు.

ఈ ప్రయాణమునకు మూలమైనదానికిని పేర్లు పెక్కు. అనావృష్టి, దుర్భిక్షము, క్షామము, కరువు: నిఘంటువులో ఇవి ఇరుగుపొరుగులు, వ్రాతలో మాత్రము వీనికి పొత్తు పొసగదు. అనావృష్టి యన్నచో తప్పంతయు ఆకాశముమీదికి పోవును. చెఱువేల పూడినది, కాలువనీరు చివరిపొలము నేల చేరలేదు అని అడుగవలెనని చదువరికి తోచదు. దుర్భిక్షమన్నచో భిక్ష దుర్లభమగుట. పెట్టెడి చేయియు వట్టిదైనదని అందలి సూచన. క్షామమను మాట శుష్కించుటను చెప్పును. సంస్కృతమునుండి వచ్చినదగుటచేత దానికి చరిత్రగ్రంథపు గాంభీర్య మబ్బినది. 1876–78 నాటి మహాక్షామమున బళ్లారి జిల్లా చితికిపోయినదని వ్రాయునపుడు ఆ గాంభీర్యము తగియేయున్నది. అదే విపత్తును, అది దాపురించిన సంవత్సరము పేర, మన పెద్దలు 'ధాత కరువు' అనిరి. కరువు ఇంటిలోని మాట. కంటికి నిద్ర కరువైనదనియు, పలుకరించు దిక్కు కరువైనదనియు దానినే వాడుకొందుము. కావున కరువని వ్రాసినవాని చూపు వానలెక్కను దాటి పొయ్యివైపు పోయినదన్నమాట.

ఈ పదముల బరువు ప్రభుత్వములకు మనకంటె బాగుగ తెలియును. క్షామమను నర్థముగల ఆంగ్లపదమును తన రాష్ట్రమున అమలులోనున్న చట్టములనుండి తొలగించుటకై, మహారాష్ట్ర శాసనసభ 1963లో ప్రత్యేకముగ ఒక చట్టమునే చేసి, ఆ స్థానమున 'కొఱత' యను నర్థముగల మాటను కూర్చుండబెట్టినది. పదము పోయి పదియేండ్లు నిండకమునుపే, 1972లో, ఆ రాష్ట్రమును మహాదారుణమైన కరువు పట్టుకొన్నది.

ఇక ఈ నేల పేరు సంగతి. 1800లో నిజాము, తన రక్షణకు కుంపిణీ నిలుపు సైన్యపు ఖర్చులక్రింద ఈ ప్రాంతమును కుంపిణీకి వదలుకొనగా, ఆంగ్లేయులు దీనిని 'ఇచ్చివేసిన జిల్లాలు' అను నర్థమున పిలిచిరి. మనవారును ఆ యర్థమునే అనుసరించి 'దత్తమండలములు' అనుకొనిరి. ఇచ్చినవాడు, పుచ్చుకొన్నవాడు ఆ పేరులో నున్నారు. ఇచ్చట పుట్టిపెరిగినవాడు లేడు. 1928లో నంద్యాలసభలో చిలుకూరి నారాయణరావుగారు సూచించిన 'రాయలసీమ' యను పేరు నిలిచిన తరువాత, అదే రాళ్లనేలకు విజయనగరపు రాయలు తోడువచ్చి నిలిచిరి. పటములో ఒక్క గీతయు కదలలేదు. ఐనను అర్జీ వ్రాయువాని గొంతు మాఱినది. దత్తమండలవాసి దయ కోరవలెను, సీమవాడు హక్కు అడుగవచ్చును. (ఈ పేరులోను ఒక పొగడ్త దాగియున్నదనియు, రాయలనాటి వైభవస్మరణము నేటి దాహమును కొంత మఱపించుచున్నదనియు నా యనుమానము.)

నామవాచకములకంటె క్రియలు ఇంకను గడుసువి. 'ఆ కుటుంబము గుంటూరికి పోయినది' అన్నచో పోయినవారే కర్తలు. 'తరలింపబడినది' అన్నచో తరలించినవాడొకడు తెరవెనుక నుండవలెను. వాని పేరు చెప్పక రచయిత తప్పించుకొనుచున్నాడు. 'పొట్ట చేతబట్టుకొని పోయినది' అన్నచో జాలి కలుగవలెను గాని, ఏటేట అదే వాక్యమును చదివి చదివి చదువరికి జాలియు మానినది. ఎంత కూలి కుదిరినదో, బండిబాడుగ యెవరు పెట్టుకొనిరో, ఇంట మిగిలిన ముసలిదానికి ఎన్ని జొన్నలు విడిచిపోయిరో చెప్పిన సాదా వాక్యము దానికంటె గట్టిగ తాకును.

ఎమ్మిగనూరు మగ్గములయొద్దను ఇట్టి చిక్కే. అచ్చట 1938లో చేనేత సహకారసంఘమును స్థాపించిన మాచాని సోమప్పగారికి 1954లో పద్మశ్రీ వచ్చినది. షావుకారు నూలు నేసి కూలి పుచ్చుకొనువాడు సంఘములో చేరినంతనే 'సభ్యుడు' అగును. ఆ మాటకు లాలిత్యము లేదు, కాని వాటా కలదు. 'చేనేత కార్మికుడు' అన్నచో పనియిచ్చు యజమాని యొకడు స్ఫురించును. సన్మానసభలలో విరివిగ వినబడు 'చేనేత కళాకారుడు' శాలువ కప్పించుకొనునేగాని, ఆయన కూలి సంగతి యెవ్వరును ఎత్తరు. నేతగానిగూర్చి వ్రాయబూనినవాడు ఈ మూడింటిలో నేది వాడవలెనో తన బల్లముందు కూర్చుండి తేల్చుకొనజాలడు. అతడు ఇప్పుడెవరి నూలు నేయుచున్నాడో, నేసిన చీర యెవరికి అప్పగించుచున్నాడో, బాకీ యెవరికి పడియున్నాడో మగ్గముగుంట చెంత నిలువబడి అడుగవలసియున్నది.