పటం గీసిందెవరు?

పులిమేకలో పులులు మూడు, మేకలు పదిహేను. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేక ఎవరినీ చంపలేదు. గుంపుగా కమ్ముకుని పులికి కదిలే చోటు లేకుండా చేస్తేనే దానికి గెలుపు. బలాల్లో ఇంత తేడా ఉన్నా ఎవరూ దాన్ని అన్యాయమైన ఆట అనరు. గీతలు ఇద్దరికీ ఒకటే, ఆట మొదలయ్యాక వాటిని ఎవరూ చెరపరు.

ఒక కోర్టు విచారణను ఇలాగే ఇద్దరాడే ఆటగా మలిస్తే ఎలా ఉంటుంది? 2016లో అలెక్స్ బెర్రీ అనే రూపకర్త ఆ పని చేశాడు. ఆట పేరు ‘హై ట్రీజన్: ది ట్రయల్ ఆఫ్ లూయీ రియెల్’. ఒకరు ప్రాసిక్యూషన్, ఇంకొకరు డిఫెన్స్. చేతిలో కార్డులుంటాయి. ముందు జ్యూరీ ఎంపిక, తర్వాత సాక్ష్యాలు, చివరి వాదనలు, తీర్పు. ప్రతి జ్యూరర్‌కూ ఒక మతం, ఒక భాష, ఒక వృత్తి ఉంటాయి. ఆటంతా ఆ మూడింటి చుట్టూనే తిరుగుతుంది. సాక్షి ఏం చెప్పాడన్నదాని కన్నా, వింటున్నవాడు ఎవరన్నదే ఎక్కువ పనిచేస్తుంది.

రియెల్ కెనడాలో మెటీ జాతి నాయకుడు. ఆదివాసీ, ఐరోపా కుటుంబాల కలయికతో ఏర్పడిన జాతి అది. తమ భూములు తమకు దక్కాలని 1869లో ఒకసారి, 1885లో మరోసారి వాళ్లు తిరగబడ్డారు. రెండోసారి సైన్యం ముందు ఓడి, ఆ ఏడాది మే 15న రియెల్ లొంగిపోయాడు. జులైలో రెజీనా పట్టణంలో విచారణ మొదలైంది. మోపిన నేరం రాజద్రోహం, అదీ 1351 నాటి ఇంగ్లండు చట్టం కింద. అతనికి మతి స్థిమితం లేదని వాదించి ప్రాణం కాపాడాలని వకీళ్లు చూశారు. రియెల్ ఒప్పుకోలేదు. పిచ్చివాడినని ఒప్పుకుంటే తన జాతి గోడు కూడా పిచ్చిమాటే అవుతుందని అతనికి తెలుసు. నిండు కోర్టులో లేచి, తన వకీళ్ల వాదానికి తనే ఎదురు నిలిచాడు. ఆగస్టు 1న జ్యూరీ దోషి అంది, దయ చూపాలని కూడా కోరింది. ఆ దయ దక్కలేదు. నవంబరు 16న ఉరి తీశారు.

నన్ను కలచివేసేది ఉరి కన్నా ముందు జరిగిన ఒక ఏర్పాటు. విచారణ విన్నిపెగ్‌లో పెడితే పన్నెండు మంది జ్యూరీ ఉండేది, అందులో ఫ్రెంచి మాట్లాడేవాళ్లకూ చోటు దొరికేది. రెజీనాలో ఆరుగురు చాలు. ఆ ఆరుగురూ ఇంగ్లీషు మాట్లాడే ప్రొటెస్టెంట్లు. ముద్దాయి ఫ్రెంచి మాట్లాడే కేథలిక్కుగా పెరిగినవాడు. మొదటి సాక్షి బోనెక్కకముందే సగం ఆట అయిపోయింది.

ఇలాంటి పటం మన దగ్గరా ఒకటి ఉంది. దాన్ని ఎవరూ ఇంకా ఆటగా గీయలేదు.

తెలంగాణ సాయుధ పోరాటం కేసుల్లో 1949 ఆగస్టులో ప్రత్యేక ట్రిబ్యునల్ ఉరిశిక్షలు వేసింది. ఆ శిక్ష పడినవాళ్లు పన్నెండు మంది. ఈ ట్రిబ్యునళ్లలో జ్యూరీ లేదు. డిసెంబరులో హైదరాబాద్ హైకోర్టు శిక్షలను ఖరారు చేసింది. మరో నెలన్నరకు, 1950 జనవరి 26న, రాజ్యాంగం అమల్లోకి వచ్చింది, సుప్రీంకోర్టు ఏర్పడింది. హైదరాబాద్ సంస్థానంలో అప్పటిదాకా పై అప్పీళ్లు విన్న జ్యుడీషియల్ కమిటీ అధికారం అదే రోజుతో పోయింది. అక్కడ అప్పటికే నడుస్తున్న అప్పీళ్లు ఢిల్లీకి బదిలీ అయ్యాయి. వీళ్ల అప్పీలు ఆ జాబితాలో లేదు.

వాళ్లు సుప్రీంకోర్టు తలుపు తట్టారు. ‘జనార్దన్‌రెడ్డి వర్సెస్ హైదరాబాద్ రాష్ట్రం’ అన్న పేరుతో ఆ తీర్పు నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులకు దొరుకుతుంది. 1950 డిసెంబరులో న్యాయమూర్తులు చెప్పింది ఇది: ఆ తీర్పులు వెలువడిన నాటికి హైదరాబాద్ హైకోర్టు భారత భూభాగంలోని కోర్టు కాదు, కాబట్టి వాటిపై అప్పీలు వినే అధికారం మాకు లేదు. అంటే పాత తలుపు మూసుకుంది, కొత్త తలుపు తెరుచుకోలేదు. పన్నెండు ప్రాణాలు ఆ సందులో ఇరుక్కున్నాయి.

లండన్ నుంచి డి.ఎన్. ప్రిట్ వచ్చి వీళ్ల తరఫున వాదించాడు. తర్వాత కెన్యాలో జోమో కెన్యాట్టా కోసం నిలబడిన బారిస్టరు ఆయనే. ఉరి పడే కేసుల్లో ముద్దాయిలకు వకీలు లేకుండా విచారణ నడిచిందన్నది రెండో వాదం. 1951 మార్చిలో అదీ వీగిపోయింది. వకీలు లేనంత మాత్రాన ప్రతి ఉరి కేసూ చెల్లకుండా పోదని కోర్టు అంది. పేదవాడికి ఉచిత న్యాయసహాయం రాజ్యం బాధ్యత అని రాజ్యాంగంలో 39ఎ అధికరణగా చేరడానికి 1976 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ కేసును ఆటగా గీసి నారాయణఖేడ్ బడిలో ఆడించాలని నా కోరిక. అందుకు కారణముంది. ఆ పన్నెండు మందికి ఉరిశిక్ష పడిన రోజుల్లో ఖేడ్ బీదర్ జిల్లాలో ఒక తాలూకా. 1956లో రాష్ట్రాలు మారినప్పుడు మెదక్‌లో కలిసింది, 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చింది. ఊరు కదలలేదు, గీతలే కదిలాయి. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ ఒకే సంతలో వినే పిల్లలకు, భాష కూడా పటంలో ఒక గీతేనని వేరే చెప్పనక్కర్లేదు. నిజాం రాజ్యంలో కోర్టుల భాష ఉర్దూ. తెలుగు తప్ప తెలియని రైతు అక్కడ తన మీది నేరాన్ని ఇంకొకరి నోటి నుంచి వినాలి. రియెల్ ఆటలో జ్యూరర్ భాషకున్న బరువు మన ఆటలో దుబాసీకి, రాతకోతల గుమాస్తాకు దక్కాలి.

జ్యూరీ లేదు కాబట్టి జ్యూరర్ల కార్డుల చోట తేదీలు పెట్టాలి. ఒక్కో ఎత్తుకూ క్యాలెండరు ముందుకు జరగాలి. ప్రాసిక్యూషన్ వైపు కూర్చున్నవాడికి జనవరి 26 లోపు తీర్పు ఖరారు కావాలి, డిఫెన్స్ వైపువాడికి ఎలాగైనా ఒక కాగితం ఆ తేదీ దాటాలి. ఒకసారి ఆడాక వైపులు మార్చుకుని మళ్లీ ఆడాలి. ప్రాసిక్యూషన్‌కు కావలసింది గట్టి సాక్ష్యం కన్నా వేగమేనని ఆ వైపు కూర్చుంటే తప్ప తెలియదు.

మనుషుల చావును ఆటబొమ్మ చేస్తారా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ కేసుల్లో హత్యలు జరిగాయి, చనిపోయినవాళ్ల కుటుంబాలూ ఉన్నాయి. అందుకే వాళ్ల పేర్లు కూడా పెట్టెలో ఉండాలి, ముద్దాయిల పక్కనే. నవ్వుకోవడానికి ఏ కార్డూ ఉండకూడదు. ఇంత జాగ్రత్తతో చేస్తే, పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యంగా కూడా రాని కథ, రెండు గంటలసేపు ఇద్దరు పిల్లల చేతుల్లో బతుకుతుంది.

పటంలో ఇంకో గడి కావాలి, అది కోర్టుకు బయట. ఈ ఉరిశిక్షలు ఆపాలని దేశంలోనూ విదేశాల్లోనూ ఆందోళన సాగింది. చివరికి శిక్షలు యావజ్జీవంగా మారాయి, పన్నెండు మందీ బతికారు. వాళ్లను కాపాడిన ఎత్తు కోర్టు హాల్లో పడింది కాదు. ఆ గడి లేకుండా ఈ ఆట గీస్తే, డిఫెన్స్ వైపు ఎంత తెలివైన పిల్ల కూర్చున్నా ప్రతిసారీ ఉరే.