ట్రాక్టర్ కొత్తదా, సెకండ్ హ్యాండా? రెండెకరాల తోటకు ఏది బెటర్? కొనేముందు ఇవి చూసుకోండి..
సిటీలో ఉద్యోగం, ఊళ్లో రెండెకరాల తోట, వీకెండ్‌లోనే వ్యవసాయం. మరి ట్రాక్టర్ కొత్తది కొనాలా, పాతదా?

2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. అందుకే ముందు కొత్త మినీ ట్రాక్టర్ రేటు కనుక్కోండి. తేడా కొంచెమే అయితే వారంటీ ఉన్న కొత్తదే మేలు.

ఏడాదిలో కొద్ది రోజులే దున్నేవాళ్లకు పాతదైనా చాలు. కానీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టే. రోటవేటర్ తగిలించి పైకి లేపండి. అది మెల్లగా కిందికి జారితే హైడ్రాలిక్ రిపేర్ తప్పదు.

అన్నింటికంటే ముఖ్యం ఆర్‌సీ. అందులో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే ఎన్‌ఓసీ, ఫారం 35 చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. లేదంటే పాత ఓనర్ బాకీకి మీరు కొన్న ట్రాక్టర్ పోయే ప్రమాదం ఉంది.