చేతి నరంలో రక్తనాళాల గడ్డ

చేతి మీద నీలంగా ఉబ్బి కనిపించేవాటిని మనం వాడుకలో నరాలు అంటాం. నిజానికి అవి రక్తనాళాలు. అసలు నరాలు పైకి కనిపించవు. స్పర్శను మెదడుకు, మెదడు ఆజ్ఞను కండరాలకు చేరవేసేవి అవే. మోచేయి బల్ల అంచుకు తగిలితే చిటికెన వేలి దాకా జిల్లుమంటుంది కదా, అక్కడున్నది అల్నార్ నరం. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలి స్పర్శ మీడియన్ నరానిది. మణికట్టును పైకి లేపించేది రేడియల్ నరం.

ఈ నరాలకూ రక్తం కావాలి. అందుకే సన్నని రక్తనాళాలు వాటిని అల్లుకుని ఉంటాయి. చాలా అరుదుగా ఆ నాళాలు అతిగా పెరిగి గుత్తిలా తయారవుతాయి. దీన్నే హెమాంజియోమా అంటారు. ఇది క్యాన్సర్ కాదు, ఇతర అవయవాలకు పాకదు. అయితే నరం ఉన్న చోటు ఇరుకు. గడ్డ పెరిగేకొద్దీ నరం నలుగుతుంది. మొదట తిమ్మిరి, నొప్పి. గడ్డను నొక్కితే వేళ్లలోకి జిల్లుమనడం. తర్వాత పట్టు సడలడం. బొత్తాం పెట్టుకోవడం, కలం పట్టుకోవడం కూడా కష్టమవుతుంది.

ఇలాంటి గడ్డను మర్దన చేయించకూడదు, వాతలు పెట్టించకూడదు, తెలియనివారి చేత కోయించకూడదు. రక్తస్రావం కావచ్చు, నరం తెగిపోవచ్చు. డాక్టర్లు అల్ట్రాసౌండ్, ఎం.ఆర్.ఐ. స్కానింగ్‌లతో గడ్డ నరం పైన ఉందో, లోపల ఉందో చూస్తారు. అవసరమైతే మైక్రోస్కోపు కింద నరపు పోగులను కాపాడుతూ గడ్డను వేరు చేస్తారు. పోగుల్లో బాగా అల్లుకుపోతే కొంత వదిలేయవలసి రావచ్చు. మళ్లీ పెరిగే వీలుంది కనుక తర్వాత కూడా పరీక్షలకు వెళ్లాలి.

ఇందులో ఆలస్యమే అసలు నష్టం. దెబ్బతిన్న నరం తిరిగి పెరిగేది రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. అంటే 30 సెంటీమీటర్లకు దాదాపు 10 నెలలు. ఏడాది, ఏడాదిన్నర పాటు నరం అందని కండరం మళ్లీ కోలుకోవడం కష్టం.

కుట్టుపని, మెకానిక్ పని చేసేవారికి చేతి పట్టే అన్నం పెడుతుంది. సాయం చేసే మనసున్నవారు ఆపరేషన్ దాకా ఆగకుండా మొదటి స్కానింగ్‌కే చేయందిస్తే ఆ పట్టు నిలవవచ్చు. టీచరుగా మరో మాట: చక్కగా రాసే పిల్లల చేతిరాత ఉన్నట్టుండి పాడైతే, మందలించే ముందు ఒకసారి చేయి చూడండి.