సీపాప్ మాస్క్: ముఖానికి సరిపోతేనే ఫలితం

ఎర్రగడ్డ పేరు చెబితే జంటనగరాల్లో ఎవరికైనా ఛాతీ ఆసుపత్రి గుర్తుకొస్తుంది. ఊపిరికి సంబంధించిన జబ్బు అనగానే మనకు తట్టేవి క్షయ, ఉబ్బసం, న్యుమోనియా. కాని ఊపిరితిత్తులు బాగానే ఉన్నా, రాత్రి నిద్రలో మాత్రమే ఊపిరి ఆగిపోయే జబ్బు ఒకటుంది. దాని పేరు స్లీప్ ఆప్నియా. దీనిని ముందుగా గమనించేది రోగి కాదు, పక్కన పడుకున్న మనిషి. పెద్దగా గురక వినిపిస్తూ ఉన్నట్టుండి నిశ్శబ్దం, కాసేపటికి ఉక్కిరిబిక్కిరై ఒక్కసారిగా గాలి పీల్చుకోవడం, మళ్లీ గురక. రాత్రంతా ఇదే వరుస.

ఈ జబ్బుకు సీపాప్ అనే మిషన్‌తో మంచి చికిత్స ఉంది. అయితే మిషన్ కొన్న కొన్నాళ్లకే దానిని బీరువాలో పెట్టేసేవారు చాలామంది. కారణం అడిగితే "మాస్క్ పడలేదండీ" అంటారు. అందుకే మాస్క్ ఎంపిక గురించి, ముఖ్యంగా ముక్కును, నోటిని కలిపి కప్పే ఫుల్ ఫేస్ మాస్క్ గురించి ఇక్కడ వివరంగా తెలుసుకుందాం.

జబ్బులో ఏం జరుగుతుంది?

మనం నిద్రపోయినప్పుడు గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో నాలుక వెనక్కి జారి, గాలి వెళ్లే దారి మూసుకుపోతుంది. కనీసం పది సెకన్ల పాటు ఊపిరి ఆగితే దానిని ఒక ఆప్నియా అంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు మేల్కొని గొంతును తెరుస్తుంది. ఊపిరి పూర్తిగా ఆగడం, బాగా తగ్గడం కలిపి గంటకు 5 నుండి 15 సార్లు జరిగితే స్వల్పమని, 15 నుండి 30 వరకు ఉంటే మధ్యస్థమని, 30 దాటితే తీవ్రమని వైద్యులు లెక్క కడతారు.

దీనివల్ల ఉదయం తలనొప్పి, పగలు కునికిపాట్లు, మతిమరుపు, చిరాకు వస్తాయి. మందులు వాడుతున్నా రక్తపోటు అదుపులోకి రాకపోవచ్చు. గుండెజబ్బులకు, పక్షవాతానికి కూడా ఇది దారితీస్తుంది. కృష్ణానగర్, యూసఫ్‌గూడ, ఫిల్మ్‌నగర్ ప్రాంతాల్లో సినిమా పనుల మీద బతికేవారు పగటి నిద్రమత్తును రాత్రి షూటింగుల వల్ల వచ్చిన అలసటగా సరిపెట్టుకోవడం సులువు. కాని సెలవు రోజున తృప్తిగా పడుకున్నా మత్తు వదలకపోతే, పైగా గురక కూడా ఉంటే, పరీక్ష చేయించుకోవాలి. ప్రొడక్షన్ బండి నడిపే డ్రైవరుకు క్షణం కునుకు పట్టినా అందులో ఉన్న అందరి ప్రాణాలకూ ముప్పే.

'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) చిత్రాల పాటలతో తెలుగువారికి దగ్గరైన సంగీత దర్శకుడు బప్పీ లహరి 2022 ఫిబ్రవరిలో ముంబైలో కన్నుమూశారు. ఆయన అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియాతో బాధపడ్డారని చికిత్స చేసిన వైద్యులు వెల్లడించారు. గురకను నవ్వులాటగా తీసిపారేయకూడదని ఆ వార్త చాలామందికి గుర్తుచేసింది.

సీపాప్ ఎలా పనిచేస్తుంది?

1981లో ఆస్ట్రేలియాకు చెందిన వైద్యుడు కాలిన్ సలివన్ ఈ పద్ధతిని ప్రపంచానికి తెలియజేశారు. తొలి రోజుల్లో వాక్యూమ్ క్లీనర్ మోటారును గాలి ఊదేందుకు వాడారు. రోగి ముక్కుకు అచ్చు తీసి మాస్క్ తయారుచేసి, గాలి కారకుండా రాత్రిపూట సిలికోన్ జిగురుతో అతికించేవారు. అంటే మొదటినుండీ అసలు సమస్య గాలిని ఊదడం కాదు, ఊదిన గాలి పక్కనుండి పోకుండా చూడడమే!

ఇప్పటి మిషన్లు చిన్నవి, చప్పుడు తక్కువ. ఇవి సాధారణంగా 4 నుండి 20 సెంటీమీటర్ల నీటి మట్టానికి సమానమైన ఒత్తిడితో గాలిని పంపుతాయి. ఆ గాలి గొంతును లోపలినుండి తెరిచి పట్టుకుంటుంది. మాస్క్ పక్కనుండి గాలి పోతే ఒత్తిడి పడిపోతుంది, గొంతు మళ్లీ మూసుకుంటుంది. మిషన్ ఎంత ఖరీదైనదైనా అప్పుడు ప్రయోజనం ఉండదు.

ఫుల్ ఫేస్ మాస్క్ ఎవరికి?

మాస్కులు ముఖ్యంగా మూడు రకాలు. ముక్కు రంధ్రాల దగ్గర ఆనుకునేది ఒకటి, ముక్కును మాత్రమే కప్పేది రెండవది, ముక్కునూ నోటినీ కలిపి కప్పేది మూడవది. ఈ మూడవ దానినే ఫుల్ ఫేస్ మాస్క్ అంటారు. పేరు చూసి భయపడకండి. ఇది కళ్లను, నుదుటిని మూయదు. ఇందులోనే ముక్కు ఎముక మీద ఆనకుండా ముక్కు కిందనుండి వచ్చే రకం కూడా ఉంది. కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు చదువుకునే అలవాటున్నవారికి అది వీలుగా ఉంటుంది.

పెద్దది కాబట్టి ఇదే మంచిదని అనుకోవద్దు. ముక్కుతో ఊపిరి పీల్చగలిగేవారికి ముందుగా ముక్కు మాస్కునే ప్రయత్నించమని అమెరికా నిద్ర వైద్య నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లో సూచించింది. చిన్న మాస్కు ముఖాన్ని తక్కువ తాకుతుంది కనుక గాలి కారే చోట్లు కూడా తక్కువ. ఫుల్ ఫేస్ మాస్క్ అవసరమయ్యేది వీరికి:

1. ముక్కు దూలం వంకరగా ఉండడం, ఎలర్జీ వంటి కారణాలతో ముక్కు తరచు మూసుకుపోయేవారు.
2. నిద్రలో నోరు తెరిచే అలవాటు మానలేనివారు.
3. ముక్కు మాస్కుతో నోటిగుండా గాలి పోయి, ఉదయానికి నోరు ఎండిపోయేవారు.

ముక్కు మూసుకుపోవడానికి వైద్యం ఉంటే ముందు అది చేయించుకోండి. తరువాత చిన్న మాస్కుతోనే సరిపోవచ్చు.

కొలత ఎలా తీసుకోవాలి?

ఒక కంపెనీ 'మీడియం' మరో కంపెనీ 'మీడియం'తో సమానం కాదు. మనిషి లావుకూ మాస్కు సైజుకూ సంబంధం లేదు. లావుగా ఉన్నవారికి చిన్న సైజు, సన్నగా ఉన్నవారికి పెద్ద సైజు సరిపోవచ్చు. ప్రతి కంపెనీ తన మాస్కుకు తగిన కొలత పట్టీని ఇస్తుంది. దానితోనే కొలిపించుకోండి.

ముక్కు ఎముక మీద ఆనే రకానికి, నోరు కొద్దిగా తెరిచి ఉంచి, కళ్ల మధ్య ముక్కు మొదలయ్యే చోటు నుండి కింది పెదవి కింద ఉన్న గుంట వరకు కొలుస్తారు. నోరు మూసి కొలిస్తే, నిద్రలో దవడ జారినప్పుడు మాస్కు చిన్నదైపోతుంది. పెదవుల చివరలు మాస్కు అంచు కింద పడకుండా వెడల్పు కూడా చూడాలి. రెండు సైజుల మధ్య ఊగిసలాట వస్తే రెండూ పెట్టి చూసి, గాలి కారకుండా ఉన్నవాటిలో చిన్నదానిని తీసుకోండి. రాత్రి కట్టుడు పళ్లు తీసి పడుకునేవారు వాటిని తీసేసి కొలత ఇవ్వాలి. పళ్లు తీస్తే బుగ్గలు లోపలికి పోతాయి కదా!

డబ్బు కట్టేముందు పడుకుని చూడండి

కూర్చుని అద్దంలో చూసుకుంటే ఏ మాస్కయినా సరిపోయినట్టే ఉంటుంది. పడుకోగానే బుగ్గలు పక్కకు జారి ముఖం ఆకారం మారుతుంది. అందుకే ఈ వరుసలో పరీక్షించండి.

1. పడుకుని, పట్టీలు వదులుగా ఉంచి, మాస్కును ముఖానికి ఆనించండి.
2. మీకు వైద్యులు నిర్ణయించిన ఒత్తిడితో మిషన్ ఆన్ చేయమనండి. తక్కువ ఒత్తిడితో చూస్తే లాభం లేదు.
3. మాస్కును ముందుకు కొద్దిగా లాగి వదలండి. మెత్తటి అంచు గాలితో ఉబ్బి ముఖానికి తానే అతుక్కుంటుంది.
4. ఇప్పుడు రెండువైపులా సమానంగా, కొద్దికొద్దిగా పట్టీలు బిగించండి. గాలి ఆగగానే బిగించడం ఆపండి.
5. ఇంట్లో వాడే ఎత్తు దిండు మీద కుడివైపు, ఎడమవైపు తిరగండి. దవడ కదిలించండి. పదిహేను నిమిషాలు అలాగే ఉండండి.

మాస్కు వేల రూపాయల వస్తువు. సరిపోకపోతే మార్చి ఇస్తారా, ఎన్ని రోజుల్లోగా తేవాలి, అంచు ఒక్కటే విడిగా దొరుకుతుందా అని ముందే అడిగి రసీదు మీద రాయించుకోండి.

గాలి కారితే బిగించడమేనా?

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. బిగించిన కొద్దీ మెత్తటి అంచు నలిగి ముడతలు పడుతుంది, ఆ ముడతల్లోనుండి గాలి మరింత పోతుంది. ముక్కు ఎముక మీద పుండు కూడా పడవచ్చు. పట్టీ కింద ఒకటి రెండు వేళ్లు సులువుగా దూరాలి. ఎక్కువ బిగిస్తేనే గాలి ఆగుతోందంటే ఆ సైజో, ఆ రకమో మీది కాదని అర్థం. గాలి కళ్లలోకి కొడితే ఉదయానికి కళ్లు ఎర్రబడతాయి. అప్పుడు పై భాగం సరిగా కూర్చోలేదని గ్రహించండి. మిషన్‌లో గాలి ఎంత కారిందో నమోదవుతుంది. తిరిగి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ లెక్కను వైద్యునికి చూపండి.

మన అలవాట్లు, మన జాగ్రత్తలు

ముక్కుపుడక: మాస్కు అంచు కింద పుడక పడితే గాలి కారుతుంది, సిలికోన్ చిరుగుతుంది, ముక్కు ఒరుసుకుపోతుంది. రాత్రి తీయగలిగితే మంచిది. తీయకూడదనే పట్టింపు ఉంటే, పుడక ఉంచుకునే మాస్కును పరీక్షించి తీసుకోండి.

గడ్డం, మీసం: వెంట్రుకల మధ్యనుండి గాలి పోతుంది. అయ్యప్ప దీక్ష తీసుకుని నలభైఒక్క రోజులు గడ్డం పెంచేవారు, పాత్ర కోసం గడ్డం పెంచే నటులు ముందుగానే వైద్యునితో మాట్లాడండి. అంచు ఆకారం మారిస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. నేల మీద పడుకున్నా మిషన్ మాత్రం మానవద్దు.

జుట్టు: కొప్పు మీద పట్టీ నిలవదు. జడ వదులుగా, పక్కకు వేసుకోండి. తిరుపతిలో తలనీలాలు ఇచ్చి వచ్చినవారు పట్టీలు మళ్లీ సరిచేసుకోవాలి. లేకపోతే అవి జారుతాయి.

నూనె, క్రీము: ముఖానికి కొబ్బరినూనె, క్రీము, వాజిలిన్ రాసుకుని మాస్కు పెట్టుకోవద్దు. అది జారుతుంది, సిలికోన్ పాడవుతుంది. పడుకునేముందు సబ్బుతో ముఖం కడిగి తుడుచుకోండి.

ఈ ప్రమాదాలు గమనించండి

అయస్కాంతాలు: కొన్ని మాస్కుల పట్టీలకు అయస్కాంతపు క్లిప్పులుంటాయి. పేస్‌మేకర్ వంటి పరికరాలు, మెదడులో లోహపు క్లిప్పులు ఉన్నవారికి ఇవి ప్రమాదం కావచ్చని 2022లో ఫిలిప్స్, 2023లో రెస్‌మెడ్ కంపెనీలు హెచ్చరించాయి. పక్కన పడుకునేవారికి అటువంటి పరికరం ఉన్నా ఇదే జాగ్రత్త. అయస్కాంతం లేని మాస్కును అడిగి తీసుకోండి.

గాలి రంధ్రాలు: మాస్కుకు ఉండే సన్నటి రంధ్రాలు మనం వదిలిన గాలి బయటకు పోవడానికి. అవి లీకు అనుకుని ప్లాస్టర్ అంటించవద్దు. ఐసీయూలో వాడే, రంధ్రాలు లేని మాస్కును ఇంటి మిషన్‌కు తగిలించవద్దు.

కరెంటు పోతే: ఫుల్ ఫేస్ మాస్కులో చిన్న కవాటం ఉంటుంది. మిషన్ ఆగగానే అది తెరుచుకుని బయటి గాలిని లోపలికి రానిస్తుంది. అది కదులుతోందో లేదో రోజూ చూసుకోండి. ఇన్వర్టర్ ఉంటే మిషన్‌ను దానికి కలిపించుకోవడం మేలు.

వాంతి: వికారంగా ఉన్న రాత్రి ఫుల్ ఫేస్ మాస్క్ పెట్టుకోవద్దు. మాస్కులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తన చేత్తో తాను మాస్కు తీసుకోలేని రోగికి వైద్యుని సలహా లేకుండా పెట్టకూడదు.

శుభ్రత

ప్రతి ఉదయం మాస్కు అంచును గోరువెచ్చని నీటిలో, వాసన లేని తేలికపాటి సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టండి. డెట్టాల్, స్పిరిట్, మరిగే నీళ్లు వాడవద్దు. ఎండలో పెట్టవద్దు. స్పాంజి అంచు ఉన్న మాస్కులను నీటిలో ముంచకూడదు, తడిగుడ్డతో తుడవడమే. పట్టీలను వారానికొకసారి ఉతకండి. అంచు గట్టిపడినా, పసుపురంగుకు తిరిగినా, చీలినా మార్చేయండి. ఒకరి మాస్కు మరొకరు వాడవద్దు.

మొదటి రెండు వారాలు

కొత్తలో ఊపిరాడనట్టు అనిపించడం సహజం. పగలు టీవీ చూస్తూ అరగంట మాస్కు పెట్టుకుని అలవాటు చేసుకోండి. ఒత్తిడి నెమ్మదిగా పెరిగే ఏర్పాటు చాలా మిషన్లలో ఉంది, అది వాడుకోండి. నోరు, గొంతు ఎండిపోతుంటే గాలిని తేమ చేసే హ్యుమిడిఫయర్ గురించి అడగండి. ఒత్తిడిని మాత్రం మీ అంతట మీరు మార్చవద్దు. రాత్రికి కనీసం నాలుగు గంటలు వాడాలని లెక్క చెబుతారు. అది కనీసం మాత్రమే, నిద్ర ఉన్నంతసేపూ మాస్కు ఉండాలి. పట్టపగటి కునుకైనా సరే.

ఇంట్లోవారికి ఒక మాట. మాస్కు పెట్టుకున్న మనిషిని చూసి నవ్వకండి. రాత్రి మాస్కు జారితే మెల్లగా సరిచేయండి. గురక మళ్లీ వినిపిస్తే ఆ సంగతి వైద్యునికి చెప్పండి.

ఒక మాస్కు సరిపోలేదంటే చికిత్స సరిపోలేదని కాదు. మరో సైజు, మరో రకం ఉంది. మిషన్‌ను బీరువాలో పెట్టేముందు దానిని, మాస్కును సంచిలో పెట్టుకుని మీ వైద్యుని దగ్గరకు రండి. అక్కడే పడుకుని, పెట్టుకుని చూపించండి.