పేరు లేని వాయుగుండాలు - హుస్సేన్ సాగర్ దిగువన ముంపు

ప్రత్యేక వ్యాసం

హైదరాబాద్: బంగాళాఖాతంలో ఏర్పడే అల్పపీడనాలు, వాయుగుండాలలో అధిక భాగం తుపాను స్థాయికి చేరకుండానే తీరం దాటి బలహీనపడతాయి. గాలి వేగం తక్కువ కావడం వల్ల వీటికి పేరు ఉండదు, ప్రజల దృష్టీ వీటిపై అంతగా పడదు. అయితే హైదరాబాద్ నగర చరిత్రలో నిలిచిపోయిన 2000 ఆగస్టు, 2020 అక్టోబరు వర్షాలు రెండూ ఇటువంటి బలహీన వ్యవస్థల వల్లనే కురిశాయి. హుస్సేన్ సాగర్ మిగులు నీటి నాలాకు ఇరువైపులా విస్తరించిన అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాలకు ఈ విషయం అత్యంత ముఖ్యమైనది.

వర్గీకరణకు గాలియే కొలమానం

భారత వాతావరణ శాఖ ఈ వ్యవస్థలను గరిష్ఠ స్థిర గాలి వేగం ఆధారంగా వర్గీకరిస్తుంది. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వేగం ఉంటే వాయుగుండం, 50 నుంచి 61 వరకు ఉంటే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుపానుగా పరిగణిస్తారు. ఉత్తర హిందూ మహాసముద్రంలో 2004 నుంచి అమలులో ఉన్న పద్ధతి ప్రకారం తుపాను స్థాయికి చేరిన వాటికి మాత్రమే పేరు పెడతారు. ఈ వర్గీకరణలో వర్షపాతానికి స్థానం లేదు. వర్షానికి వేరుగా కొలమానం ఉంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్ల నుంచి భారీ వర్షంగా, 115.6 నుంచి అతి భారీ వర్షంగా, 204.5 నుంచి అత్యంత భారీ వర్షంగా పేర్కొంటారు.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ప్రధానంగా గాలి తీవ్రతతో నష్టం కలిగించింది. 2024 సెప్టెంబరు 1 తెల్లవారుజామున కళింగపట్నం సమీపంలో తీరం దాటినది వాయుగుండం మాత్రమే. అయినప్పటికీ ఆ సమయంలో కురిసిన వర్షాలకు బుడమేరు పొంగి విజయవాడ నగరం, మున్నేరు పొంగి ఖమ్మం పట్టణం ముంపునకు గురయ్యాయి. గాలి స్థాయిని బట్టి వర్షపు ముప్పును అంచనా వేయడం సరికాదని ఈ రెండు ఉదంతాలు తెలియజేస్తున్నాయి.

ఒక తీవ్ర వాయుగుండం ప్రస్థానం

2020 అక్టోబరు 9న బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడింది. అది అక్టోబరు 11న వాయుగుండంగా, 12న తీవ్ర వాయుగుండంగా బలపడింది. 13న ఉదయం 6.30 - 7.30 గంటల మధ్య గంటకు 55 నుంచి 65 కిలోమీటర్ల వేగంతో వీస్తున్న గాలులతో కాకినాడ సమీపంలో తీరం దాటింది. అనంతరం పశ్చిమ వాయవ్య దిశగా పయనించి, తెలంగాణ మీదుగా సాగుతూ వాయుగుండంగా బలహీనపడింది.

భూభాగంపైకి చేరిన తర్వాత సముద్రం నుంచి లభించే వేడి, తేమ తగ్గడం, భూఉపరితల ఘర్షణ పెరగడం వల్ల ఇటువంటి వ్యవస్థల గాలి వేగం త్వరగా క్షీణిస్తుంది. కాని వాటి చుట్టూ తిరిగే గాలులు బంగాళాఖాతం నుంచి తేమను మరికొంత కాలం లోతట్టు ప్రాంతాలకు చేరవేస్తూనే ఉంటాయి. వ్యవస్థ నెమ్మదిగా కదిలినచో ఒకే ప్రాంతంపై గంటల తరబడి వర్షం కురుస్తుంది. అందువల్ల 'బలహీనపడింది' అనే మాట గాలికి వర్తించినంతగా వర్షానికి వర్తించదు.

కాకినాడకు సుమారు 400 కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాద్‌లో అక్టోబరు 13 సాయంత్రం నుంచి రాత్రి వరకు వర్షం ఉధృతంగా కురిసింది. 14వ తేదీ ఉదయంతో ముగిసిన 24 గంటల్లో బేగంపేటలో 191.8 మిల్లీమీటర్లు నమోదైంది. అక్టోబరు మాసంలో అంతకుముందు 1903లో నమోదైన 117.1 మిల్లీమీటర్ల రికార్డును ఇది అధిగమించింది. నగర శివారులోని ఘట్‌కేసర్ ప్రాంతంలో 32 సెంటీమీటర్ల వర్షం కురిసింది. ఆ వ్యవస్థ అవశేషం కర్ణాటక, మహారాష్ట్రల మీదుగా అరేబియా సముద్రంలో ప్రవేశించి, అక్టోబరు 17న తిరిగి వాయుగుండంగా మారడం గమనార్హం.

రాష్ట్ర ప్రభుత్వం ఆనాడు ప్రాథమిక నష్టాన్ని రూ. 5,000 కోట్లుగా అంచనా వేసింది. అక్టోబరు 15 నాటికి రాష్ట్రంలో 50 మంది మరణించినట్లు ప్రకటించింది. నగరంలోని వరద బాధిత కుటుంబాలకు రూ. 10,000 చొప్పున ఆర్థిక సహాయం ప్రకటించి, అందుకు రూ. 550 కోట్లు విడుదల చేసింది.

నాలా వెంబడి ముప్పు

1562 ప్రాంతంలో ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో నిర్మితమైన హుస్సేన్ సాగర్‌లోకి కూకట్‌పల్లి, పికెట్, బంజారా, బల్కాపూర్ నాలాల ద్వారా నీరు చేరుతుంది. జలాశయం పూర్తి స్థాయి నీటి మట్టం 513.41 మీటర్లు. ఆ మట్టం దాటిన నీరు మిగులు నాలా ద్వారా దోమలగూడ, అశోక్ నగర్, చిక్కడపల్లి - నారాయణగూడ పరిసరాలు, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట, గోల్నాక మీదుగా ప్రవహించి మూసీ నదిలో కలుస్తుంది.

ఒక చదరపు కిలోమీటరు విస్తీర్ణంలో ఒక సెంటీమీటరు వర్షం కురిస్తే సమకూరే నీటి పరిమాణం కోటి లీటర్లు. ఇరవై సెంటీమీటర్లు కురిస్తే ఇరవై కోట్ల లీటర్లు. కాంక్రీటుతో కప్పబడిన నేలలో ఈ నీరు ఇంకే అవకాశం తక్కువ. కావున ఈ ప్రాంతాలకు ముప్పు మూడు వైపుల నుంచి ఏర్పడుతుంది. మొదటిది, స్థానికంగా కురిసిన వర్షపు నీరు. రెండవది, ఎగువన కూకట్‌పల్లి, బంజారాహిల్స్ వంటి ప్రాంతాలలో కురిసి జలాశయం ద్వారా దిగువకు వచ్చే నీరు. మూడవది, మూసీ ఉధృతంగా ప్రవహించే సమయంలో నాలా నీరు నదిలోకి వెళ్లలేక వెనుకకు నిలిచిపోవడం. చిక్కడపల్లిలో వాన వెలిసిన తర్వాత కూడా నాలాలో నీటి మట్టం పెరగడానికి రెండవ, మూడవ కారణాలే మూలం.

2000 ఆగస్టులో జరిగినది ఇదే. ఆంధ్ర తీరానికి చేరువలో ఏర్పడిన వాయుగుండం ప్రభావంతో ఆగస్టు 24న హైదరాబాద్‌లో 24 గంటల వర్షపాతం 24 సెంటీమీటర్లుగా నమోదైంది. నాలా పొంగి పరివాహక బస్తీలు, కాలనీలు జలమయమయ్యాయి. చిక్కడపల్లికి ఆనుకొని ఉన్న బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో భద్రపరచిన అరుదైన ఉర్దూ గ్రంథాలు, పత్రికల భాండాగారం వరద నీటిలో మునిగి తీవ్రంగా దెబ్బతిన్నది. ఒక వ్యక్తి దశాబ్దాల కృషితో సేకరించిన ఆ గ్రంథ సంపదకు కలిగిన నష్టాన్ని కేవలం రూపాయలలో లెక్కించడం సాధ్యం కాదు.

నేడు ఈ ప్రాంతంలో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, అశోక్ నగర్‌లోని పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు, వాటిని ఆశ్రయించుకొని వెలసిన వసతి గృహాలు ఉన్నాయి. వివిధ జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు ఇక్కడ అధిక సంఖ్యలో నివసిస్తున్నారు. సెల్లార్లు, నేల అంతస్తులలోని గదులకు నీరు ముందుగా చేరుతుంది. స్థానికంగా నాలా ప్రవర్తన గురించి తెలియని వారికి ముందస్తు సమాచారం అందించడం మరింత అవసరం.

చేపట్టిన చర్యలు

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదల అనంతరం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు నిర్మితమయ్యాయి. అవి మూసీ, ఈసీ నదుల వరదను నియంత్రించడానికి ఉద్దేశించినవి. నగరం నడిబొడ్డున కురిసే వర్షాన్ని అవి ఆపజాలవు. 2000 వరదల తర్వాత వరద నీటి కాలువల విస్తరణపై కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ సంస్థ 2003లో నివేదిక సమర్పించింది. 2020 వరదల అనంతరం వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం ప్రారంభమైంది. హుస్సేన్ సాగర్ మిగులు నాలా వెంబడి రక్షణ గోడల పనులు చేపట్టడం జరిగింది. 2024 జూలైలో నగర విపత్తుల స్పందన, ఆస్తుల పరిరక్షణకు హైడ్రా సంస్థ ఏర్పాటైంది.

సమాచారంలో పాటించవలసిన అంశాలు

2020లో వ్యవస్థ ఉదయం తీరం దాటగా, నగరంలో వర్ష తీవ్రత సాయంత్రం పెరిగింది. ఆ మధ్య కొన్ని గంటల వ్యవధి లభించింది. సెల్లార్లను ఖాళీ చేయడానికి, వాహనాలను ఎత్తయిన ప్రదేశాలకు తరలించడానికి, వృద్ధులను సురక్షిత ప్రాంతాలకు చేర్చడానికి ఆ వ్యవధి ఎంతో విలువైనది. 'తుపాను ముప్పు తప్పింది', 'వాయుగుండం బలహీనపడింది' అనే శీర్షికలు ఆ విలువైన సమయంలో ప్రజలను ఏమరుపాటుకు గురిచేసే అవకాశం ఉంది.

కావున వాతావరణ సమాచారాన్ని ప్రజలకు అందించే పాత్రికేయులు, క్షేత్రస్థాయి అధికారులు గాలి స్థాయితో పాటు వర్ష సూచనను, వ్యవస్థ కదులుతున్న వేగాన్ని, హుస్సేన్ సాగర్ నీటి మట్టాన్ని, మూసీ ప్రవాహ స్థితిని కూడా కలిపి తెలియజేయడం సముచితం. ఈ నాలుగు వివరాలు సకాలంలో అందినట్లయితే, నాలా ఒడ్డున నివసించే కుటుంబం వాయుగుండానికి పేరు ఉన్నా లేకున్నా ఆ రాత్రి ఇంట్లో ఉండాలో, బయలుదేరాలో ముందుగానే నిర్ణయించుకోగలుగుతుంది.